పిడుదు కాటు: రక్తనాళాలకు తగిలే దెబ్బ, కణజాల నాశనం

పిడుదు కాటు తర్వాత వచ్చే తీవ్రమైన జబ్బుల్లో కాటు పడ్డచోట కనిపించేది చాలా తక్కువ. చిన్న ఎర్రటి గుల్ల, ఒక్కోసారి నల్లటి పెచ్చు, చాలాసార్లు అదీ ఉండదు. అసలు దెబ్బ రక్తనాళాల లోపల, ఒళ్లంతా ఒకేసారి తగులుతుంది. నాళాల్లోంచి ద్రవం బయటికి ఊరుతుంది, బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. కొందరిలో వేళ్ల చివరలు, చెవి తమ్మెలు నల్లబడి చచ్చుబడిపోతాయి.

ఈ నష్టానికి ముఖ్య కారణం రికెట్సియా జాతి బాక్టీరియాల్లో మచ్చల జ్వరాల వర్గానికి చెందినవి. అమెరికాలో రాకీ పర్వతాల మచ్చల జ్వరం, మధ్యధరా తీర దేశాల్లో మధ్యధరా మచ్చల జ్వరం, మన దేశంలో భారత పిడుదు టైఫస్ ఈ వర్గంలోనివే. పిడుదులు మోసుకొచ్చే కొన్ని వైరస్‌లు కూడా రక్తస్రావ జ్వరాలు తెస్తాయి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం రికెట్సియాల గురించే. నాళాలు ఎలా దెబ్బతింటాయో వీటిలోనే బాగా తెలుసు. పైగా వీటికి చవకైన మందు ఉంది, అది వేళకు అందక జరిగే నష్టమే ఎక్కువ.

పిడుదు రక్తం తాగే తీరు

పిడుదు కీటకం కాదు. సాలీళ్లు, తేళ్ల వర్గపు జీవి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లుంటాయి, తర్వాతి దశల్లో ఎనిమిది. గోమారి అన్నా ఇదే. గేదెల పొదుగు దగ్గర, తోక కింద, కుక్కల చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో రక్తం తాగి ఉబ్బి వేలాడుతూ కనిపిస్తుంది. మనుషులకు జబ్బులు తెచ్చేవాటిలో ఎక్కువ భాగం వీపుమీద గట్టి పెంకు ఉండే రకాలు. ఇవి ప్రతి దశలోనూ ఒకసారి జంతువును పట్టుకుని రోజుల తరబడి తాగుతాయి. ఎదిగిన ఆడ పిడుదుకు కడుపు నిండడానికి వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది.

దోమ సూది గుచ్చి ఒక నాళంలోంచి పీల్చుకుని నిమిషాల్లో ఎగిరిపోతుంది. పిడుదు అలా కాదు. ముందు రెండు కత్తెరల్లాంటి అవయవాలతో చర్మాన్ని కోస్తుంది, ఆ కోతలోకి వెనక్కి వంగిన ముళ్లున్న ముట్టెను దింపుతుంది. చాలా రకాలు చుట్టూ జిగురు లాంటి ప్రొటీన్ వదులుతాయి, అది గట్టిపడి పురుగును చర్మానికి అతికించేస్తుంది. లాగితే తేలిగ్గా ఊడిరాకపోవడానికి ఆ ముళ్లూ ఈ జిగురూ కారణం. ముట్టె చివర చర్మం లోపొరలో కేశనాళికలు తెగి చిన్న రక్తపు గుంట ఏర్పడుతుంది. పిడుదు తాగేది ఆ గుంటలోంచే.

ఆ గుంట రోజుల తరబడి గడ్డకట్టకుండా ఉండాలి, కరిపించుకున్నవాడికి నొప్పీ దురదా తెలియకూడదు. ఈ రెండు పనులూ పిడుదు లాలాజలం చేస్తుంది. ప్లేట్‌లెట్లను పోగుచేసే ఏడీపీ అనే పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ అందులో ఉంటుంది. నాళాలను వెడల్పు చేసే ప్రోస్టాగ్లాండిన్లు ఉంటాయి. గడ్డకట్టే గొలుసులో కీలకమైన పదో కారకాన్ని అడ్డుకునే ప్రొటీన్లు, దురద పుట్టించే హిస్టమిన్‌ను పట్టేసే ప్రొటీన్లు, తెల్లకణాలను పిలిచే సంకేతాలను మింగేసేవి కూడా ఉంటాయి. తాగిన రక్తంలోని అదనపు నీటిని పిడుదు మళ్లీ లాలాజలంగా మనిషి ఒంట్లోకే వదులుతుంది. దానిలో ఉన్న క్రిములు కూడా ఆ నీటితో పాటే లోపలికి వస్తాయి. రక్షణ వ్యవస్థను ముందే నిద్రపుచ్చిన చోటికి చేరడం క్రిమికి ఎంత అనుకూలమో చెప్పనక్కర్లేదు.

కాటు దగ్గర జరిగే నష్టం

క్రిమి లేని పిడుదు కరిచినా చర్మం ఎంతో కొంత దెబ్బతింటుంది. ఎర్రటి గుల్ల లేచి కొన్ని రోజుల్లో పోతుంది. పీకేటప్పుడు ముట్టె విరిగి లోపల ఉండిపోతే దాని చుట్టూ గట్టి కాయ కట్టి వారాలు, నెలలు దురద పెట్టవచ్చు. గోకితే చీము పడుతుంది.

రికెట్సియా ఉన్న పిడుదు కరిస్తే కొన్ని రకాల్లో అక్కడే కణజాలం చచ్చిపోతుంది. క్రిమి మొదట అడుగుపెట్టిన చోట చిన్న నాళాలు మూసుకుపోయి, పైచర్మం, లోచర్మం కలిసి నశించి నల్లటి పెచ్చు కడుతుంది. వైద్యులు దాన్ని ఎస్కార్ అంటారు. సెంటీమీటరు వెడల్పున, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటుంది. నొప్పి దాదాపు ఉండదు, అందుకే రోగి దాన్ని చూపించడు. గజ్జల్లో, చంకలో, బొడ్డులో, రొమ్ము కింద, చెవి వెనక, తలలో వెంట్రుకల మధ్య ఉంటుంది. వెతికితేనే దొరుకుతుంది. మధ్యధరా మచ్చల జ్వరంలో ఈ నల్ల పెచ్చును 1925లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వైద్యులు వర్ణించారు. ఆ జ్వరాన్ని అంతకు ముందే 1910లో ట్యునీసియాలో కానర్, బ్రూష్ అనే వైద్యులు గుర్తించారు. దాని క్రిమి రికెట్సియా కానరీకి ఆ కానర్ పేరే పెట్టారు.

ఆఫ్రికా పిడుదు కాటు జ్వరంలో ఒకే మనిషికి నాలుగైదు ఎస్కార్లు ఉండటం మామూలే. అక్కడి పిడుదులు గుంపుగా మీద పడతాయి. చూడటానికి భయంగా ఉన్నా ఆ జ్వరం తేలిగ్గా తగ్గిపోతుంది. రాకీ పర్వతాల జ్వరంలో ఎస్కార్ అరుదు, కానీ ప్రాణాంతకమైనది అదే. భారత పిడుదు టైఫస్‌లో కూడా ఎస్కార్ తరచుగా కనిపించదు. పైకి కనిపించే పుండును బట్టి లోపలి ప్రమాదాన్ని అంచనా వేయకూడదు.

బిట్టర్‌రూట్ లోయ

రాకీ పర్వతాల జ్వరంలో నాళాల పాత్ర తెలిసింది అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో. అక్కడి బిట్టర్‌రూట్ లోయలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో వలసవచ్చిన రైతులు, కలప కూలీలు ప్రతి వసంతంలో ఒక జ్వరంతో చచ్చిపోయేవారు. లోయకు పడమటి పక్క ఎక్కువ, తూర్పు పక్క తక్కువ. పొరుగున ఐడహోలోనూ అదే జ్వరం ఉండేది. 1899లో ఎడ్వర్డ్ మాక్సీ అనే వైద్యుడు దాని లక్షణాలు రాశాడు. ఐడహోలో చాలామంది కోలుకునేవారు. బిట్టర్‌రూట్‌లో మాత్రం జబ్బుపడ్డవారిలో సగం కంటే ఎక్కువ మంది బతికేవారు కాదు.

1906లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి హోవర్డ్ టేలర్ రికెట్స్ అక్కడికి వెళ్లాడు. రోగి రక్తాన్ని గినీ పందులకు ఎక్కించి జ్వరం తెప్పించాడు, జబ్బు పడ్డ జంతువును కరిచిన అడవి పిడుదును ఆరోగ్యంగా ఉన్నదాని మీద వదిలి దానికీ జ్వరం వస్తుందని చూపించాడు. ఆడ పిడుదు నుంచి దాని గుడ్ల ద్వారా సంతానానికి క్రిమి చేరుతుందని కూడా తేల్చాడు. 1910లో మెక్సికో నగరంలో టైఫస్ మీద పనిచేస్తూ ఆ టైఫస్‌తోనే చనిపోయాడు. ఈ క్రిముల జాతికి ఆయన పేరే పెట్టారు.

నాళాల సంగతి 1919లో ఎస్. బర్ట్ వోల్బాక్ స్పష్టం చేశాడు. చనిపోయిన రోగుల కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, క్రిమి నాళాల లోపొర కణాల్లోనూ నాళపు గోడల కండర కణాల్లోనూ ఉందని చూపించాడు. చర్మం మీద మచ్చలు, మెదడులో చిన్న గాయాలు, వృషణాల దగ్గర చర్మం కుళ్లడం, ఇవన్నీ ఒకే చోటి నుంచి పుడుతున్నాయని అప్పుడే అర్థమైంది.

ఆ లోయలో ఈ పని చేసినవారి కథ మామూలుగా చెప్పుకుని పోయేది కాదు. హామిల్టన్ ఊళ్లో రోస్కో స్పెన్సర్, రాల్ఫ్ పార్కర్ జబ్బు క్రిమి ఉన్న పిడుదుల పేగులను నూరి కార్బాలిక్ ఆమ్లంతో కలిపి టీకా తయారుచేశారు. 1924లో స్పెన్సర్ దాన్ని మొదట తనకే పొడిపించుకున్నాడు. అక్కడి ప్రయోగశాలలో పనిచేసిన పలువురు ఈ జ్వరంతోనే చనిపోయారు. 1935లో బ్రెజిల్‌లో లెమోస్ మోంతెయిరో అనే శాస్త్రవేత్త ఇలాంటి టీకా తయారీలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ పాత టీకాలు తర్వాత వాడుకలోంచి పోయాయి. ఇప్పటికీ మనుషులకు టీకా లేదు. స్పెన్సర్, పార్కర్ కనిపెట్టిన మరో సంగతి మాత్రం ఈనాటికీ పనికొస్తుంది. చలికాలం ఆకలితో గడిపిన పిడుదులోని క్రిమికి వెంటనే జబ్బు తెచ్చే శక్తి ఉండదు; పిడుదు కొన్ని గంటలు రక్తం తాగాకే ఆ శక్తి వస్తుంది. కరిచిన పిడుదును త్వరగా తీసేస్తే లాభం ఉందని చెప్పడానికి ఇది ఒక కారణం.

నాళం లోపల

రక్తనాళాల లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. గుండె నుంచి కాలివేలి చివరిదాకా అన్ని నాళాలకూ ఇదే పొర. రక్తంలోని నీటినీ ప్రొటీన్లనూ నాళంలోనే ఆపడం, రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూడటం, అవసరమైన చోట తెల్లకణాలను బయటికి వదలడం దీని పనులు. మచ్చల జ్వరాల రికెట్సియా కాపురం పెట్టేది సరిగ్గా ఈ కణాల్లోనే.

ఈ క్రిమి పొడవు రెండు మైక్రోమీటర్లు దాటదు. బతికున్న కణం బయట పెరగలేదు. ఎండోథీలియం కణం మీద వాలగానే ఆ కణం చేతే తనను మింగించుకుంటుంది. మింగిన సంచిని నిమిషాల్లో కరిగించి బయటపడి కణద్రవంలో స్వేచ్ఛగా చీలిపోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత అది చేసే పని ఆశ్చర్యం కలిగిస్తుంది. కణానికి ఆకారం ఇచ్చే యాక్టిన్ అనే ప్రొటీన్‌ను తన వెనక తోకలా పోగుచేసుకుని, ఆ తోక తోసే బలంతో పక్క కణంలోకి దూసుకుపోతుంది. రక్తంలోకి రాకుండానే ఒక కణం నుంచి మరో కణానికి పాకుతుంది కాబట్టి యాంటీబాడీలకు చిక్కదు. చర్మం మీద మచ్చ ముందు చుక్కగా మొదలై రోజురోజుకీ వెడల్పవడానికి కారణం ఈ పాకడమే. ఒక్కో మచ్చ కింద క్రిమి సోకిన నాళికల జాలం ఒకటి ఉంటుంది.

క్రిమి పెరిగే కొద్దీ కణంలో ఆక్సిజన్ నుంచి పుట్టే విష పదార్థాలు పెరిగి పొరలను కాల్చేస్తాయి. కణాలను ఒకదానితో ఒకటి అతికించే బంధాలు సడలుతాయి. మరోవైపు దాన్ని చంపడానికి వచ్చిన తెల్లకణాలు నాళం చుట్టూ మూగి గోడను ఇంకా వాపజేస్తాయి. చివరికి నాళం చిట్లదు, ఊరుతుంది. కొత్త మట్టికుండ బయట తడి చేరినట్టు ప్లాస్మా గోడల్లోంచి బయటికి వస్తుంది.

ఆ ఊట ఎక్కడ జరిగితే అక్కడి అవయవం కుదేలవుతుంది. గుండె బాగానే ఉన్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆక్సిజన్ పడిపోతుంది. మెదడులో వాపుకు చోటుండదు, అందుకే మగత, ఫిట్స్, కోమా వస్తాయి. రక్తంలో అల్బుమిన్ తగ్గి ముఖం, చేతులు, కాళ్లు ఉబ్బుతాయి. నాళాల్లో ద్రవం తగ్గడంతో మూత్రపిండాలకు రక్తం చాలదు, మూత్రం తగ్గుతుంది. ద్రవాన్ని కాపాడుకోవడానికి శరీరం నీటిని పట్టి ఉంచడంతో సోడియం పడిపోతుంది. పొట్టలో నాళాలు వాస్తే కడుపునొప్పి, వాంతులు. అపెండిసైటిస్ అనుకుని కత్తి పట్టిన సందర్భాలున్నాయి. గుండె కండరం మధ్య వాపు వస్తే గుండె లయ తప్పవచ్చు.

రక్తం గడ్డకట్టడం గురించి పాఠ్యపుస్తకాల్లో కూడా కొంత గందరగోళం ఉంది. దెబ్బతిన్న గోడ మీద ప్లేట్‌లెట్లు అతుక్కుని వాటి సంఖ్య పడిపోతుంది, చిన్న గడ్డలూ ఏర్పడతాయి. అయితే నాళాలన్నీ మూసుకుపోయేంత గడ్డకట్టడం అందరిలో జరగదు. చాలామంది రోగుల్లో ప్రధాన శత్రువు ఊటే. చిన్న గడ్డల్లో కొన్ని చిల్లులు పూడ్చే పనే చేస్తాయి. ఈ తేడా చికిత్సకు అవసరం. బీపీ పడింది కదా అని ఇష్టమొచ్చినట్టు సెలైన్ ఎక్కిస్తే ఆ నీరంతా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

వేళ్లు నల్లబడటం

జ్వరం మొదలై మూడు నాలుగు రోజులకు మణికట్టు, చీలమండల దగ్గర మొదలైన లేత ఎర్ర మచ్చలు అరచేతులకూ అరికాళ్లకూ పాకుతాయి. వేలితో నొక్కితే మొదట్లో తెల్లబడేవి తర్వాత తెల్లబడవు. అంటే రక్తం నాళం దాటి బయటికి వచ్చేసింది. అవి కలిసిపోయి ఊదా రంగు పట్టీలవుతాయి. కొద్దిమంది రోగుల్లో జబ్బు ఇక్కడ మరో మలుపు తిరుగుతుంది. కాలివేలి చివర మొదట చల్లబడుతుంది, చర్మం మీద నీలిరంగు గీతలు వలలా కనిపిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో అది ముదురు ఊదాగా మారి, కొన్నిచోట్ల పొక్కులు లేచి, ఆపై ఎండి నల్లబడుతుంది. చెవి తమ్మెలు, ముక్కు కొస, చేతి వేళ్లు, కాలి వేళ్లు, వృషణాల సంచి, పురుషాంగం దెబ్బతినే చోట్లు. అన్నీ రక్త ప్రసరణకు చివరి గుమ్మాలే.

దీనికి ఒకే కారణం చెప్పలేం. వాచిన నాళపు గోడ లోపలి దారిని ఇరుకు చేస్తుంది. అందులో చిన్న గడ్డలు చేరతాయి. బీపీ తక్కువగా ఉండటంతో చివర్లకు రక్తం నెట్టే బలం ఉండదు. గుండె, మెదడు కోసం శరీరం చేతులు కాళ్ల నాళాలను తానే బిగిస్తుంది. ప్రాణం నిలబెట్టడానికి ఐసీయూలో ఇచ్చే నార్‌ఎపినెఫ్రిన్ లాంటి మందులు ఆ బిగింపును ఇంకా పెంచుతాయి. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్ సి తరిగిపోతే ఒంటిమీద పెద్దపెద్ద పట్టీలుగా చర్మం చచ్చిపోతుంది. దాన్ని పర్పురా ఫుల్మినాన్స్ అంటారు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్న మగవాళ్లలో రాకీ పర్వతాల జ్వరం మెరుపు వేగంతో ముదిరి అయిదు రోజుల్లోపే ప్రాణం తీయవచ్చు.

నల్లబడిన చర్మమంతా పోయినట్టు కాదు. భారత పిడుదు టైఫస్ సోకిన పిల్లల్లో భయంకరంగా కనిపించే నల్ల పట్టీలు కొన్ని వారాల్లో పొరగా ఊడి కింద గులాబీ రంగు చర్మం కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే శస్త్రవైద్యులు చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య గీత స్పష్టంగా తేలేదాకా ఆగుతారు. చీము పట్టి ఒళ్లంతా విషం ఎక్కుతుంటే తప్ప తొందరపడి వేలు తీసేయకూడదు. బతికి బయటపడ్డవారిలో కొందరికి వేళ్లు, కాళ్లు పోవడం, వినికిడి తగ్గడం, నరాల బలహీనత మిగిలిపోతాయి.

మన దేశంలో

ఇండియన్ మెడికల్ సర్వీస్ వైద్యుడు జె. డబ్ల్యూ. డి. మెగా 1917లో కుమావూ కొండల ప్రాంతంలో టైఫస్‌ను పోలిన జ్వరాన్ని వర్ణించాడు. తర్వాత అది పిడుదుల ద్వారా వస్తుండవచ్చని రాశాడు. దీనికి కారణమైన క్రిమిని 2005లో రికెట్సియా కానరీ ఇండికా అనే ఉపజాతిగా విడదీశారు. కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు నుంచి కేసులు నమోదయ్యాయి. వాహకంగా చెప్పేది ప్రధానంగా గోధుమరంగు కుక్క పిడుదు. ఈ పిడుదు అడవిలోకి వెళ్తే తగిలేది కాదు. కుక్కలున్న ప్రతి వీధిలో, ఇంటి గోడ పగుళ్లలో, గుమ్మం చెక్క సందుల్లో ఉంటుంది. పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించడం అందుకే వింత కాదు.

తెలుగు రాష్ట్రాల్లో దీని పొరుగు జబ్బు స్క్రబ్ టైఫస్ పేరు ఎక్కువ మంది విన్నారు. దాన్ని తెచ్చేది పిడుదు కాదు, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల. క్రిమి కూడా వేరు, ఓరియెన్షియా సుత్సుగముషి. దక్షిణాంధ్రలో ప్రబలిన స్క్రబ్ టైఫస్ క్రిమి రకాలను తిరుపతి స్విమ్స్ పరిశోధకులు జన్యు పరీక్షలతో గుర్తించారు. రెండు జబ్బుల్లోనూ నాళాలే దెబ్బతింటాయి, రెండింటికీ మందు ఒకటే. స్క్రబ్ టైఫస్‌లో ఎస్కార్ తరచుగా ఉంటుంది. పిడుదు టైఫస్‌లో మచ్చలు అరచేతులకు, అరికాళ్లకు పాకడం ఎక్కువ.

వానాకాలం తర్వాత మన ఆసుపత్రుల్లో జ్వరంతో వచ్చి ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి రోగినీ డెంగ్యూ కింద జమకట్టే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. డెంగ్యూకు నేరుగా పనిచేసే మందు లేదు, దీనికి ఉంది. డెంగ్యూ పరీక్ష నెగటివ్ వచ్చి, జ్వరం అయిదో రోజుకీ దిగక, అరికాళ్లలో మచ్చలున్న పిల్లవాడిని ఇంకా ప్లేట్‌లెట్ల లెక్క చూస్తూ కూర్చోబెట్టడం క్షమించరాని ఆలస్యం.

మిగిలిన పిడుదు జబ్బులు

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు చచ్చిపడటంతో బయటపడ్డ జ్వరాన్ని తెచ్చేది వైరస్. హీమాఫైసాలిస్ జాతి అడవి పిడుదులు దాన్ని మోస్తాయి. కొందరిలో ముక్కు, చిగుళ్లు, పేగుల నుంచి రక్తం పోతుంది. మరణాలు వందకు మూడు నుంచి అయిదు. క్రిమియా–కాంగో రక్తస్రావ జ్వరం ఇంకా భయంకరమైనది. 1944లో క్రిమియాలో సైనికుల్లో కనిపించింది, మన దేశంలో 2011 జనవరిలో గుజరాత్‌లో బయటపడింది. పశువుల మీద ఉండే హయలోమ్మా పిడుదు దీని వాహకం. కాటు లేకపోయినా రోగి రక్తం తగిలి వైద్య సిబ్బందికి సోకుతుంది. మరణాలు వందకు పది నుంచి నలభై దాకా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇందులో మాత్రం ఒళ్లంతా గడ్డకట్టే వ్యవస్థ అదుపుతప్పడం నిజంగానే ప్రధాన సమస్య.

లైమ్ వ్యాధి గుండె విద్యుత్ ప్రసారాన్ని తెంపి హార్ట్ బ్లాక్ తేవచ్చు, చాలావరకు అది యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. బెబీసియా అనే పరాన్నజీవి ఎర్రకణాలను పగలగొడుతుంది. అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట: మచ్చల జ్వరాలు ఎక్కువగా నమోదయ్యేవి నార్త్ కరోలినా, టెనెసీ, మిస్సోరి, ఆర్కన్సా లాంటి రాష్ట్రాల్లో. లైమ్ గురించి తెలిసినంత అక్కడివారికి దీని గురించి తెలియదు. ప్రాణం తీసేది మాత్రం ఇదే ఎక్కువ.

గుర్తించడం

జ్వరం, మచ్చలు, పిడుదు కాటు, మూడూ కలిసి మొదటి రోజే కనిపించే రోగులు తక్కువ. రాకీ పర్వతాల జ్వరం వచ్చినవారిలో దాదాపు సగం మందికి పిడుదు కరిచిన సంగతే గుర్తుండదు. వందలో పదిమందికి మచ్చలే రావు. నల్లటి చర్మం మీద మొదటి రోజుల మచ్చలు కనిపించవు కూడా. అందుకే అరచేతులూ అరికాళ్లూ వెలుతురులో చూడాలి, బట్టలు తీయించి చంకలూ గజ్జలూ వెతకాలి.

రక్త పరీక్షల్లో ప్లేట్‌లెట్లు, సోడియం తగ్గడం, కాలేయ ఎంజైమ్‌లు పెరగడం దారి చూపిస్తాయి, తేల్చవు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరికే వైల్–ఫెలిక్స్ పరీక్ష 1916 నాటిది. పాజిటివ్ వస్తే అనుమానానికి బలం చేకూరుతుంది, నెగటివ్ వస్తే జబ్బు లేదనుకోకూడదు. నమ్మదగ్గ ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షలో యాంటీబాడీలు మొదటి వారంలో సాధారణంగా కనిపించవు. రెండు నుంచి నాలుగు వారాల తేడాతో తీసిన రెండు నమూనాల్లో నాలుగు రెట్లు పెరిగితేనే రుజువు. ఎస్కార్ లేదా చర్మపు ముక్క మీద పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేస్తే త్వరగా తెలుస్తుంది, అది పెద్ద కేంద్రాల్లోనే ఉంది. కాబట్టి మందు అవసరమైన రోజుల్లో ఈ జబ్బును తేల్చే పరీక్ష రోగి మంచం దగ్గర ఉండదు. అనుమానం వస్తే మందు మొదలుపెట్టాలి, పరీక్ష ఫలితం తర్వాత వస్తుంది.

చికిత్స

మందు డాక్సీసైక్లిన్. పెద్దలకు రోజుకు రెండుసార్లు 100 మిల్లీగ్రాములు. పిల్లలకు బరువును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. జ్వరం దిగాక కనీసం మూడు రోజులు కొనసాగించాలి, మొత్తం అయిదు నుంచి ఏడు రోజులకు తగ్గకూడదు. మొదటి అయిదు రోజుల్లో మొదలుపెడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. మందే లేని రోజుల్లో రాకీ పర్వతాల జ్వరంలో అయిదుగురిలో ఒకరో అంతకంటే ఎక్కువో చనిపోయేవారు. 1940ల చివర్లో క్లోరామ్‌ఫెనికాల్, టెట్రాసైక్లిన్‌లు వచ్చాకే ఆ సంఖ్య పడింది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ మందు ఇస్తే పళ్లు పచ్చబడతాయన్న భయం వైద్యుల్లో ఇంకా ఉంది. ఆ మరక పాత టెట్రాసైక్లిన్‌లది. కొద్దిరోజుల డాక్సీసైక్లిన్ వల్ల పళ్ల రంగు మారలేదని అమెరికాలో పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. ఏ వయసు పిల్లలకైనా ఈ జబ్బులో అదే మొదటి మందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులు ఈ క్రిమి మీద పనిచేయవు. సల్ఫా మందులు జబ్బును ముదిరేలా చేయవచ్చు.

ఐసీయూకు చేరిన రోగికి ద్రవాలు కొలిచి ఇవ్వాలి, ఊపిరితిత్తులను గమనిస్తూ. గడ్డకట్టకుండా చేసే హెపారిన్‌ను మామూలుగా అందరికీ ఇవ్వడానికి ఆధారం లేదు. చేతులు కాళ్లను గుండె ఎత్తున ఉంచడం, కట్లు బిగించకపోవడం, నల్లబడిన చోట నూనెలు, పసర్లు రాయకుండా పొడిగా ఉంచడం నర్సుల చేతిలో ఉన్న పనులు, చాలా విలువైన పనులు.

పిడుదును తీయడం, దూరంగా ఉంచడం

మనిషికి అంటుకున్న పిడుదును సన్నటి పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిలకడగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, వెలుగుతున్న బీడీతో అంటించడం, వాజలీన్ పూయడం వద్దు. వాటివల్ల పిడుదు త్వరగా ఊడదు, ఆలస్యం మాత్రం అవుతుంది. పశువుల దగ్గర, కుక్కల దగ్గర పిడుదులను పీకి గోళ్ల మధ్య చిదిమే అలవాటు మానాలి. చిదిమినప్పుడు బయటపడే ద్రవంలోని క్రిమి వేలిమీద గీతలోంచి, రుద్దుకున్న కంట్లోంచి లోపలికి పోగలదు. తీసిన పిడుదును సీసాలో వేసి మూతపెట్టి, తీసిన తేదీ రాసుకుని, రెండు వారాలు జ్వరం వస్తుందేమో చూడాలి. జ్వరం వస్తే డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట పిడుదు కరిచిందనే.

గోధుమరంగు కుక్క పిడుదు తన జీవితంలోని మూడు దశల్లోనూ కుక్క మీదే తాగగలదు. మధ్యలో నేలమీదకి దిగి గోడ పగుళ్లలో దాక్కుంటుంది, అక్కడే వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. కుక్కకు ఒక్కదానికే మందు వేస్తే గోడలోనివి మళ్లీ ఎక్కుతాయి. అమెరికాలోని ఆరిజోనాలో ఈ పిడుదు వల్ల మచ్చల జ్వరం ప్రబలినప్పుడు శాన్ కార్లోస్ అపాచీల ఊళ్లలో 2012 నుంచి అన్ని కుక్కలకూ మందు పట్టీలు కట్టి, ఇళ్ల చుట్టూ మందు చల్లి, కుక్కల సంఖ్యను అదుపు చేశారు. పిడుదులు బాగా తగ్గాయి. మన ఊళ్లలో కుక్కల గర్భనిరోధక శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు మునిసిపాలిటీల ద్వారా జరుగుతున్నాయి. అదే చేత్తో పిడుదుల మందు వేయడానికీ, ఆ వీధి ఇళ్లలో గోడ పగుళ్లకు సిమెంటు పూయించి మందు కొట్టించడానికీ పశువైద్య, ప్రజారోగ్య శాఖలు కలిసి పనిచేయాల్సి ఉంటుంది.